ఆరో జోన్

మా బావ అళగిరిసామికి తెలుగు రాదని కోయంబత్తూరులో కనీసం రెండు వందల ఇళ్లవాళ్లు ఒట్టేసి చెబుతారు. ఆయన మా అక్కతో పోట్లాడేది తెలుగులో. సాంబారులో ఉప్పెక్కువైతే సణిగేది తెలుగులో. నిద్రలో కలవరించేది కూడా తెలుగులోనే. పనికని ఒకరి గడప తొక్కాడా, ఇక అరవం తప్ప మరో మాట నోట్లోంచి రాదు. నా పేరు కార్తి, పద్దెనిమిదేళ్లుగా ఆయన వెనక వైర్లు లాగుతున్న బావమరిదిని. నాకూ అదే నియమం పెట్టాడు.

దీనికో కారణం ఉంది. మాది మదురై అవతల, తిరుమంగళం దగ్గర నల్లరేగడి ఊరు. మనం కూడా తెలుగు ఇంటివాళ్లమని ఇక్కడి తెలుగువాళ్లకు తెలిసిందంటే ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు, ఆపైన అమ్మమ్మ తరఫు చుట్టరికం ఏదో తవ్వి తీస్తారు. చుట్టం తేలాక మనం కూలి అడగడం మర్యాద కాదు, వాళ్లు ఇవ్వడం అంతకన్నా మర్యాద కాదు. రెండుసార్లు అలా చేతులు కాలాక బావ తెలుగును చెప్పులతోపాటు గుమ్మం బయట వదలడం నేర్చుకున్నాడు.

కానీ ఆ ఇళ్లలో ఒక పాత అలవాటు ఉంది. పరాయివాడి ముందు రహస్యం మాట్లాడాలంటే వాళ్లు గొంతు తగ్గించరు, భాష మారుస్తారు. వడ్రంగి ముందు, నర్సు ముందు, కారు డ్రైవరు ముందు నిండు గొంతుతో తెలుగులో అన్నీ మాట్లాడుకుంటారు. ఎదుటివాడికి అర్థం కాదని అంత ధీమా. అలా మా చెవిన పడని విషయం లేదు. ఎవరి కొడుక్కి ఏ జబ్బు ఉందో, ఏ అల్లుడు ఎక్కడ తిరుగుతున్నాడో మాకు తెలుసు. బావ నిచ్చెన మీద నిలబడి స్క్రూ బిగిస్తూ అంతా వినేవాడు, మింగేవాడు. "ఊరకున్నంత ఉత్తమం లేదురా, బోడిగుండంత సుఖం లేదు" అని, సగం ఊడిన తన తల నిమురుకునేవాడు.

ఆయన మొదట్లో పెళ్లిళ్లకీ మారియమ్మ జాతరలకీ మైకుల రేడియో సెట్ కట్టినవాడు. కొబ్బరిచెట్టు చివరికెక్కి గొట్టం స్పీకర్లు ఏ దిక్కుకి తిప్పితే పక్క ఊరిదాకా వినబడుతుందో ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలీదు. ఇప్పుడు ఆ పని తిరగబడింది. పెద్ద ఇళ్లవాళ్లకు గదిగదికీ పాట కావాలి, కానీ పెట్టె కనబడకూడదు, వైరు కనబడకూడదు. మెట్లకింద ఒక ఆంప్లిఫయర్ పెట్టి, అక్కడినుంచి ఒక్కో గదికి వైరు లాగి, సీలింగులో స్పీకర్లు దించుతాం. ఒక్కో గది ఒక్కో జోన్. ఫోనులో యాప్ తెరిచి ఏ గదికి ఏ పాటో, ఎంత సౌండో వేలితో జరపడమే. ఊళ్లోనే ఉండనక్కర్లేదు. తిరుప్పూరులో కూర్చుని కూడా ఇంట్లో పాట పెట్టొచ్చు. ఈ చివరి సంగతిని ప్రతి ఇంట్లోనూ నేనే గొప్పగా చెప్పేవాణ్ణి, నా నోరు పడిపోను.

వడవళ్లిలో కల్యాణసుందరం గారి ఇల్లు మాకు మామూలుగానే వచ్చిన పని. ఆయన మిల్లు నడిపి చాలించుకున్న పెద్దమనిషి, చెవులు కాస్త మందం. భార్య కోమలవల్లమ్మ. కొడుకు నందకుమార్‌కు తిరుప్పూరులో బనియన్ల యూనిట్ ఉంది, పొద్దున పోతే దీపాలవేళకు వస్తాడు. కోడలు సుజిత పొల్లాచ్చి అమ్మాయి, కొబ్బరి వ్యాపారి పళనివేల్ కూతురు. తెలుగు ఇంటిది కాదు. చదువుకున్న చోట నందకుమార్ ఇష్టపడి, పట్టుబట్టి చేసుకున్నాడట. వాళ్లకో నాలుగేళ్ల పాప. పెళ్లయి ఆరేళ్లయినా ఆ అమ్మాయికి ఎవరూ తెలుగు నేర్పలేదు. భోజనాల బల్ల దగ్గర ఆమె ఎదురుగానే ఆమె గురించి తెలుగులో మాట్లాడుకునేవాళ్లు. ఆ ఇంట్లో మేమూ ఆమే ఒక వరస.

ఐదు జోన్లన్నారు. హాలు, భోజనాల గది, పూజగది, పెద్దవాళ్ల పడకగది, మేడమీద వసారా. మూడో రోజు నందకుమార్ బావని పక్కకు పిలిచి, ఆరోది ఒకటి కావాలన్నాడు. తమ పడకగదిలో, మంచానికి సరిగ్గా పైన. పైన జాలీ గ్రిల్ ఉండకూడదు, గుండ్రం కనబడకూడదు. పుట్టీ పూసి రంగు వేసేసే రకం స్పీకర్లుంటాయి కదా, అది కావాలన్నాడు. మామూలు యాప్‌లో కూడా కనబడకూడదట, తన ఒక్కడి ఫోనులోనే ఉండాలట. సుజిత పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ అని నవ్వాడు.

పక్కనే మల్లెపూలు కడుతున్న కోమలవల్లమ్మ తల ఎత్తకుండా కొడుకుతో తెలుగులో అంది. "అది పొల్లాచ్చికి పొయ్యుండేటప్పుడే పూసేయమను. దానికి ఏమీ అగపడకూడదు, నందా."

"అగపడదమ్మా. వీళ్లు రొంబ బాగా చేస్తారు."

సర్‌ప్రైజే కదా అనుకున్నాం. ముద్దొచ్చింది కూడా నాకు. మా ఆవిడ పుట్టినరోజుకి నేను ఎప్పుడూ సీలింగు తవ్వలేదు.

పరీక్షించే రోజున మొదటిసారి నాకు అనుమానం తగిలింది. పాట పెట్టబోతే కోమలవల్లమ్మ వద్దంది. సౌండు ఎంత తక్కువకు పోతుందో చూపమని బావని అరవంలో అడిగింది. బావ తగ్గిస్తూ పోయాడు. ఇక వినబడుతోందా లేదా అని మేమే చెవి రిక్కించే చోట ఆమె చెయ్యెత్తింది. కొడుకు వైపు తిరిగి, "ఇంతేదా కావాల్సింది. విన్నట్టూ ఉండాల, విననట్టూ ఉండాల" అంది. నందకుమార్ నేల చూశాడు. మా కూలి డబ్బులు చేతిలో పెట్టి, కాఫీ తాగి వెళ్లమన్నారు. ఆ కాఫీ చాలా బాగుంది. అది కూడా గుర్తుండిపోయింది నాకు.

నెల తిరక్కుండానే హాలు స్పీకర్లో గుంయ్‌మని శబ్దం వస్తోందని కబురొచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లాం. కల్యాణసుందరం గారు లోపల నిద్రలో ఉన్నారు. కోమలవల్లమ్మ హాల్లో నేలమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది, చేతులు రెండూ మణికట్టుదాకా చింతపండే. బావ మెట్లకింద ఆంప్లిఫయర్ తలుపు తీశాడు. ఎర్త్ వైరు వదులైంది, అంతకుమించి ఏమీ లేదు.

మేమున్న చోటికి పైనే సుజిత గది. తలుపు తెరిచి ఉన్నట్టుంది, ఎందుకంటే మాకు వినబడింది. చిన్నపిల్ల ఏడుపు. దూరంగా, గోడ అవతల ఎక్కడో వెక్కుతున్నట్టు. నేను బావ ముఖం చూశాను. ఆయన నన్ను చూడలేదు. ఆంప్లిఫయర్ మీద వెలుగుతున్న ఆరో పచ్చదీపం చూస్తున్నాడు.

సుజిత మెట్లమీదనుంచి దాదాపు పడుతూ దిగింది. పూజగది చూసింది, వంటింటి వెనక చూసింది, గేటుదాకా చెప్పుల్లేకుండా పరిగెత్తి రోడ్డు చూసి వచ్చింది. "అత్తా, పాప ఏడుస్తోంది" అంది అరవంలో. కోమలవల్లమ్మ చింతపండు చేతులు అలాగే పైకెత్తి, "పాప స్కూల్లో ఉందమ్మా. పొద్దున నువ్వే కదా వ్యాన్ ఎక్కించావు" అంది, ఎంతో నిదానంగా, జాలిగా.

సుజిత స్కూలుకి ఫోను చేసింది. అవతలివాళ్లకు ఆమె గొంతు అలవాటైపోయినట్టుంది. "అవును మేడం, నిద్రపోతోంది మేడం, ఇప్పుడే కదా చెప్పాం" అనడం మాదాకా వినబడింది. ఫోను పెట్టి ఆమె మా వైపు తిరిగింది. ముప్పై కూడా ఉండవు ఆమెకు. కళ్లకింద నల్లగా అయిపోయింది.

"అణ్ణా, మీరు ఇక్కడే ఉన్నారు కదా. మీకు వినబడిందా, పాప ఏడుపు?"

బావ నిలబడ్డాడు. ఆయనకు వినబడింది. నాకూ వినబడింది. ఆమెకు కావలసింది ఒక్క 'అవును'. తన బుర్ర సరిగానే ఉందని చెప్పే మనిషి ఒక్కడు.

"లేదమ్మా" అన్నాడు మా బావ.

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. తర్వాత నెమ్మదిగా మెట్లెక్కి వెళ్లిపోయింది. కోమలవల్లమ్మ చెయ్యి కడుక్కుని, మా ఎదురుగానే ఫోను తీసి కొడుకుతో తెలుగులో మాట్లాడింది. "ఇయ్యాలకు చాలు, నిలిపెయ్. స్పీకర్ మనుషులుండారు. ఆమా, అవును, గేటుదాకా పరిగెత్తింది, ఎదురింటివాళ్లు కూడా చూసినారు. ఇంకో నెల పోనీ. డాక్టరు చీటీ చేతికొస్తే అది పొల్లాచ్చికి, బిడ్డ మన దగ్గర. కోర్టు పిచ్చిదాని చేతికి బిడ్డనిస్తాదా?" తర్వాత ఫోను పెట్టి, మా వైపు చూసి నవ్వి, టీ తాగుతారా అని అరవంలో అడిగింది.

తిరుగుదారిలో బండి బావే నడుపుతున్నాడు. లాలీ రోడ్డు సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడినా కదలకపోతే వెనకవాళ్లు తిట్టారు. ఇప్పుడొక నిజం చెప్పాలి. ఆయన తిరిగి వెళ్దామన్నాడు. ఆపింది నేను.

"మనకెందుకు బావా? పెద్దింటి గొడవ. చెప్తే ఎవరు నమ్ముతారు? నీకు తెలుగు తెలుసని ఊరంతా తెలిస్తే రేపు ఎవరు ఇంట్లోకి రానిస్తారు? అందరి గుట్టూ మన చెవిలో ఉండాది."

"ఆ స్పీకర్ పెట్టింది నేనుదా కార్తీ."

"నీకు తెలిసి పెట్టినావా? గమ్మునుండు."

గమ్మునున్నాడు. ఆయన గమ్మునుండటంలో నా పాలు సగం. ఇది రాస్తున్నవాడు మంచివాడని ఎవరూ అనుకోవద్దు.

ముప్పై ఆరు రోజులు గడిచాయి. లెక్క ఎందుకు తెలుసంటే, ఆ ముప్పై ఆరు రోజులూ బావ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచేవాడు. మేట్టుపాళయంలో ఒక హోటల్ పని ఒప్పుకుని, అక్కడ స్పీకర్ బిగించి, పరీక్షించకుండా వచ్చేశాడు. పక్కింటి పసివాడు ఏడిస్తే లేచి తలుపు వేసేవాడు. మా అక్క నన్ను నిలదీసింది. చెప్పాను. అక్క నన్ను తిట్టలేదు, అదే బాధ. "ఆ బిడ్డ తల్లి మీ అరవం మాట నమ్మింది గదరా" అని మాత్రం అని, లోపలికి వెళ్లిపోయింది.

ముప్పై ఏడో రోజు పొద్దున నందకుమార్ ఫోను వచ్చింది. వాళ్ల నాన్న పిలుస్తున్నారు, రావాలి. పాప ఏడుపు మంచం పైనుంచి వస్తోందని సుజిత అంటోందట. పాపం, పొల్లాచ్చినుంచి ఆమె తండ్రి కూడా వచ్చాడట. "ఐదే స్పీకర్లు, ఆ గదిలో లేదు అని ఒక్క మాట చెప్పి వెళ్లండి. సర్‌ప్రైజ్ చెడిపోతుంది" అన్నాడు. సర్‌ప్రైజ్ అనే మాట ఇంకా వాడుతున్నాడు.

మేము వెళ్లేసరికి అందరూ హాల్లో ఉన్నారు. టీపాయ్ మీద డాక్టరు రాసిన కాగితం మడత విప్పి ఉంది. పళనివేల్ గారు పంచె అంచు పట్టుకుని కుర్చీ చివర కూర్చున్నారు, పరువు పోయినవాడిలా. ఆయన ఆ కాగితాన్ని నమ్మేశారని చూడగానే తెలుస్తోంది. సుజిత గోడకు ఆనుకుని నిలబడి ఉంది, భుజం మీద పాప గాఢనిద్రలో ఉంది. ఆ అమ్మాయి సగానికి చిక్కిపోయింది. ఎవరినీ చూడటం లేదు, తల ఒక పక్కకు వంచి ఏదో వింటున్నట్టు ఉంది.

మేము చెప్పులు విడుస్తుంటే కోమలవల్లమ్మ కొడుకుతో తెలుగులో అంది. "భయపడొద్దు. చెప్పినావు గదా. పనివాడు, మన మాట దాటడు."

కల్యాణసుందరం గారు ముసలిచెవులకు చెయ్యి అడ్డం పెట్టుకుని, బావని అరవంలో అడిగారు. ఆయనకు నిజంగా తెలీదు, ఆ ముఖంలో దాపరికం లేదు. "నాయనా, ఒక్క సంగతి తేల్చు. నా కోడలి గదిలో స్పీకర్ ఉందా?"

హాలంతా బావ వైపు తిరిగింది. నేను ఆయన చొక్కా వెనక పట్టుకుని ఉన్నాను, ఎందుకో నాకే తెలీదు. లాగడానికా, తొయ్యడానికా?

"ఉందయ్యా" అన్నాడు అరవంలో, పళనివేల్ గారికి అర్థమయ్యేట్టు. "ఆరోది. మంచం పైన, పుట్టీ లోపల. నేనే పెట్టాను. అందులోంచి పాప ఏడుపు రావడం నేను నా చెవులతో విన్నాను."

కోమలవల్లమ్మ గిర్రున కొడుకు వైపు తిరిగింది. "వీణ్ణి బయటికి పంపు, నందా. ఇంకొకణ్ణి పిలిచి..."

"ఇంకేమీ చెప్పొద్దమ్మా" అన్నాడు బావ. ఈసారి తెలుగులో. మా ఊరి తెలుగులో. "మాది తిరుమంగళం పక్కన. మొదటి రోజునించీ మీరు మాట్లాడుకునిందంతా నాకు తెలుసు. విన్నట్టూ ఉండాల, విననట్టూ ఉండాల అంటిరే, అది కూడా."

ఇన్నేళ్ల నియమాన్ని ఆయన విరగ్గొట్టిన ఆ క్షణాన మా బావని చూసి నాకు గర్వంగా ఉండాలి. సిగ్గుగా ఉంది. ఆ మాట ముప్పై ఏడు రోజుల కిందటే ఆ ఇంట్లో పలకవలసింది.

అందరం పైకి వెళ్లాం. నేను స్టూలు పట్టుకున్నాను. బావ స్క్రూడ్రైవర్ పిడితో సీలింగ్ తట్టుకుంటూ వెళ్లి, మోత మారిన చోట గుచ్చి, రంగుతో సహా పెళ్లగించాడు. తెల్లటి పొడి మంచం నిండా రాలింది. స్పీకర్ రెండు వైర్ల మీద వేలాడుతూ కిందికి దిగింది. కల్యాణసుందరం గారు కొడుకు చేతిలోంచి ఫోను లాక్కున్నారు. ఆ యాప్‌లో ఆరో జోన్ కింద తొమ్మిది ఏడుపులు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టి ఉంది, పడ్డప్పుడు, ఆకలికి, జ్వరానికి అని. ఆయన వేలు పొరపాటున ఒకదానికి తగిలింది. వేలాడుతున్న ఆ పెట్టెలోంచి పాప ఏడ్చింది. సుజిత భుజం మీది పాప కదల్లేదు.

బావ కట్టరు తీసి వైరు కత్తిరించాడు. ఏడుపు తెగిపోయింది. పళనివేల్ గారు ఆ పెద్ద చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చారు. నందకుమార్ ఏదో చెప్పబోతే కల్యాణసుందరం గారు అతని చెంప మీద ఒకటి కొట్టారు. అన్నీ తేలిపోయాయి. డాక్టరు కాగితం ఇక చెల్లదు. బిడ్డ తల్లిదే. సుజిత పెట్టె సర్దారు, కారు గేటు దగ్గరికి వచ్చింది.

గేటు దగ్గర బావ ఆమె ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, ఆ రోజు నేను విన్నాను. లేదని అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు" అన్నాడు. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

సుజిత ఆయన ముఖంలోకి చూసింది. తల ఆ పక్కకే వంగి ఉంది.

"పరవాలేదు అణ్ణా. ఇప్పుడు నిజం చెప్పండి. ఏడుస్తోంది కదా? వినబడుతోంది కదా మీకు?"

ఎక్కడా ఏ శబ్దమూ లేదు. కారు ఇంజను కూడా ఇంకా స్టార్టు చెయ్యలేదు. పాప ఆమె భుజం మీద బుగ్గ ఆనించి, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది.

"లేదమ్మా" అన్నాడు మా బావ.

ఆమె తల ఊపింది. పాపను జాగ్రత్తగా, నిద్ర చెడకుండా తన తండ్రి చేతుల్లో పెట్టింది. పాపను వెతకడానికి ఇంట్లోకి పరిగెత్తింది.